జెర్సీ ముందు, బంతి తర్వాత

పదకొండేళ్ళుగా సికింద్రాబాదులో ఒక కాలనీ ఫుట్‌బాల్ జట్టుకు నేనే కెప్టెన్ని, మేనేజర్ని, ఖజాంచీని. మనిషి తక్కువైన రోజున లెఫ్ట్ బ్యాక్‌ని కూడా. మనిషి తక్కువ కాని రోజు నాకు గుర్తు లేదు. ఈ పదకొండేళ్ళలో ఒకసారి ఫైనల్ దాకా వెళ్ళాం. ఆ సంగతి వస్తుంది, తొందరపడకండి. ఆ ఫైనల్ పుణ్యమా అని కొత్తగా జట్టు పెట్టే కుర్రాళ్ళు నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. వచ్చినవాడికల్లా టీ తాగించి చెప్పే స్తోమత లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు పేరు పెట్టండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు వెక్కిరించారు గానీ వాళ్ళలో ఒక్కరూ జట్టు నడిపినవారు కారు. పేరులో 'యునైటెడ్' ఉండి తీరాలి. మా జట్టులో ఏ ఇద్దరికీ పడదు, అయినా యునైటెడే. వాట్సాప్ గ్రూపులో పేరు గురించి మూడు వారాలు చర్చ పెట్టాను. నలుగురు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మాలో బాగా ఆడేది ఆ నలుగురే. పోతే పోయారు, పేరు మాత్రం బాగా కుదిరింది.

తర్వాత జెర్సీలు. బంతి కంటే ముందే కొనాలి. బంతి ఆడినంతసేపే కనిపిస్తుంది, జెర్సీ ఫొటోలో కలకాలం ఉంటుంది. రంగు తెలుపే ఎంచుకోండి. మేమాడేది ఎర్రమట్టి మైదానం. జూన్లో నాలుగు చినుకులు పడ్డాక ఆడి ఇంటికి వెళితే ఆ మరకలు చూసి ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలకు మా ఆటగాళ్ళు ముగ్గురు ఆటే మానేశారు. ఒక్కో జెర్సీ 350 రూపాయలు. వెనకాల నంబర్ల దగ్గర కొంచెం పేచీ వస్తుంది. పదహారు మందిలో తొమ్మిది మందికి 10 కావాలి, నలుగురికి 7 కావాలి. నేను ఎవరినీ నొప్పించకుండా తీర్పు చెప్పాను: ఒకడికి 10, ఒకడికి 010, ఒకడికి 100, ఇంకొకడికి 1010. ఇప్పుడు రిఫరీ మావాడికి పసుపు కార్డు చూపించి నంబరు రాసుకోబోతే పెన్ను గాల్లోనే ఆగిపోతుంది. ఇక సగం ఖర్చు పెట్టుకున్న కర్రీ పాయింట్ పేరు ఛాతీ మీద బారెడు వేయించాం, జట్టు పేరు చంక కింద పడింది. దాంతో రెండేళ్ళు ఊరంతా మమ్మల్ని కర్రీ పాయింట్ అనే పిలిచింది. గెలిస్తే పేరంతా వాళ్ళకే పోయేది. ఆ ప్రమాదం రానివ్వలేదు.

డబ్బులు మిగిలితే బంతి కొనండి. నిబంధనల ప్రకారం దాని చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. ఇవన్నీ కొట్టువాడి ముందు మాట్లాడి పరువు తీసుకోకండి. బొటనవేలితో నొక్కి, కళ్ళు మూసుకుని, 'గాలి తక్కువుంది' అనండి చాలు. ఏ బంతి గురించి ఎప్పుడన్నా ఈ మాట చెల్లుతుంది. గాలి కొట్టే సూది మాత్రం కొనొద్దు, దండగ. వీధి చివర పంక్చర్ షాపు ఉండగా సూది దేనికి? ఆదివారం పొద్దున ఆరింటికి ఆ షాపు మూసి ఉంటుందన్నది నిజమే. తెరిచే తొమ్మిదింటి దాకా కూర్చుని వ్యూహం చర్చించుకోవచ్చు.

వ్యూహమంటే ఏమీ లేదు, ఎవరు ఎక్కడ ఆడాలన్నది. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్ళెవరని సామెత. మా దగ్గర మోసేవాళ్ళు లేరు కాబట్టి పల్లకీ కింద పెట్టే ఎక్కుతాం. బంతి కొన్నవాడు సెంటర్ ఫార్వర్డ్. వాడి బావమరిది ఇంకో ఫార్వర్డ్. బండి ఉన్నవాడు, అంటే నలుగురిని ఎక్కించుకొచ్చేవాడు, ఎక్కడ కావాలంటే అక్కడ. మిగిలినవాళ్ళు మధ్యలో. అందరికంటే ఆలస్యంగా వచ్చినవాడు గోలీ. ఈ చివరి నియమం నా సొంతం, చాలామంది మెచ్చుకున్నారు. ఒక్కటే చిక్కు: ఆలస్యంగా వచ్చేవాడు గోలీ కాబట్టి మొదటి పది నిమిషాలు గోల్‌లో ఎవరూ ఉండరు.

సాధన గురించి చెప్పేముందు కొంచెం చరిత్ర చెప్పాలి, ఫ్లెక్సీ మీదికి పనికొస్తుంది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. వాళ్ళకు ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం పుట్టింది ఎక్కడో కాదు, మా పక్కనున్న అమ్ముగూడలో. ఇదంతా ఫ్లెక్సీ మీద వేయించి పక్కన మీ ఫొటో పెద్దగా పెట్టుకోండి. అక్కడితో ఆగండి. రహీం సాబ్ ఏం చేస్తే ఇవన్నీ వచ్చాయని లోతుకు వెళ్ళారా, చిక్కుల్లో పడతారు. ఎందుకంటే ఆయన కుర్రాళ్ళకు పోటీలు పెట్టి బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకోకూడదు, పాస్ ఇచ్చెయ్యాలి అనేవారు. ఇంకో పోటీ పెట్టి, అలవాటు లేని కాలితోనే ఆడమనేవారు. మావాడొకడు ఇదెక్కడో చదివొచ్చి, 'అన్నా, మనం కూడా వారంలో రెండు రోజులు ఎడమకాలితో ఆడదామన్నా' అన్నాడు. వాడిని ఆ సీజనంతా గోల్‌లో నిలబెట్టాను.

రెండు కాళ్ళు వాడితే రెండూ అరుగుతాయి. మా సెంటర్ ఫార్వర్డ్ ఎడమకాలు చూడండి, పదకొండేళ్ళయినా షోరూములోంచి ఇప్పుడే తెచ్చినట్టుంటుంది. బంతి ఎడమవైపు వస్తే వాడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసి కుడికాలు చూపిస్తాడు. ఈలోపు ఎదుటివాళ్ళ డిఫెన్సంతా వచ్చి వరసలో నిలబడుతుంది. చూడ్డానికి గుడి ముందు క్యూలా ఉంటుంది. పాస్ ఇవ్వమని ఎవరైనా అరిస్తే వాడికి వినపడదు. పాస్ ఇస్తే గోల్ ఇంకొకడు కొడతాడు కదా, బంతి కొన్నది ఎవరు?

మైదానం సంగతి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిన బాధే. మేమాడే చోట ఒకేసారి ఆరేడు క్రికెట్ ఆటలు నడుస్తుంటాయి. మా సెంటర్ సర్కిల్ ఎవరిదో పిచ్. దాని మీద కాలు పడితే చాలు, 'పిచ్ తొక్కకండి భాయ్' అని నాలుగు దిక్కుల నుంచి కేకలు. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దాయన ఒకరు సరిగ్గా పెనాల్టీ బాక్సు మధ్యలోంచే నడుస్తారు, చేతులు ఊపుకుంటూ. ఆయన్ని పక్కకు జరగమనొద్దు. మా గోలీ కంటే ఆయనే ఎక్కువ షాట్లు ఆపారు.

ఆటకు ముందు ఒళ్ళు వెచ్చబెట్టుకోవడం అన్నది కొత్తగా పట్టిన జబ్బు. గాయాలు తగ్గడానికి ఫిఫా వాళ్ళు '11 ప్లస్' అని ఒక పద్ధతి తయారుచేశారు. మెల్లగా పరుగు, గెంతులు, ఒంటికాలి మీద నిలబడడాలు, అన్నీ కలిపి 20 నిమిషాలు. ఆ 20 నిమిషాల్లో ఎన్ని పనులు చేసుకోవచ్చో లెక్క వేయండి. మేము ఫొటో దిగుతాం. ముందు వరస మోకాళ్ళ మీద, వెనక వరస చేతులు కట్టుకుని. ఒకడు కళ్ళు మూశాడని మళ్ళీ. ఇంకొకడు అప్పుడే వచ్చాడని మళ్ళీ. ఆట మొదలైన ఆరో నిమిషంలో ఎవడో ఒకడు తొడ కండరం పట్టుకుని కూర్చుంటాడు. ఏం ఫరవాలేదు, ఫొటోలో ఉన్నాడు.

రిఫరీతో మాత్రం మొహమాటపడకండి. ఆడలేక మద్దెల ఓడు అన్నారు. మా దగ్గర మద్దెల రిఫరీయే. ఆఫ్‌సైడ్ గురించి ఎంత తక్కువ తెలిస్తే అంత గట్టిగా అరవగలరు. త్రో-ఇన్ నుంచి నేరుగా అందుకున్న బంతికి ఆఫ్‌సైడ్ లేదని 11వ నిబంధనలో ఉంది. గోల్ కిక్‌కీ లేదు, కార్నర్‌కీ లేదు. ఇది చదివారంటే గొంతు సగానికి పడిపోతుంది. అందుకే మా జట్టులో నిబంధనల పుస్తకం నిషేధం. ఒకసారి మేమంతా చేతులెత్తి ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్ అని అరుస్తూ నిలబడిపోతే, త్రో-ఇన్ అందుకున్న కుర్రాడు మా మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి గోల్ వేసి, మావైపు జాలిగా చూశాడు. రిఫరీ మాకేదో వివరించబోయాడు. మేము వినలేదు. ఇలాంటి చోటే క్రమశిక్షణ కావాలి.

ఇప్పుడు ఫైనల్ సంగతి. ఎవరో తమ తాతగారి పేరిట పెట్టిన కప్పు అది, ఎనిమిది జట్లు. మొదటి ఆటలో ఎదుటి జట్టుకు ఆరుగురే వచ్చారు. ఒక జట్టుకు కనీసం ఏడుగురు లేకపోతే ఆట మొదలుపెట్టకూడదని నిబంధన. మాకు ఆ రోజు సరిగ్గా ఏడుగురు. కాలు కదపకుండా గెలిచాం. ఆ రోజు వీధి చివరిదాకా బాణాసంచా కాల్చాం. సెమీఫైనల్లో గోల్ వేసింది కూడా మేము కాదు, వాళ్ళ డిఫెండరే తల వంచి వాళ్ళ గోల్‌లోకి పంపాడు. అతన్ని పట్టుకుని ముద్దు పెట్టుకున్నాం. అతను ఏడుస్తున్నాడు పాపం.

ఫైనల్లో మా ఎదురుగా నిలబడింది మీసాలు కూడా రాని పిల్లలు. మేము వెళ్ళేసరికే అరగంట ముందు వచ్చి, ఇద్దరిద్దరుగా నిలబడి బంతి ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఎడమకాలితో. వాళ్ళ జెర్సీలు ఒక్క రంగువి కావు, ఎవరి ఇంట్లో ఏ పచ్చ చొక్కా ఉంటే అది. మావాళ్ళు నవ్వారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చి, చెప్పుల కాలితో బంతి తన్ని, చెప్పు కూడా మైదానంలోకి పంపించి ఆట ప్రారంభించారు. తర్వాత మేము 7-0తో ఓడిపోయాం. ఏడింటిలో రెండు మా గోలీ రాకముందు వేసినవి, వాటిని లెక్కలోంచి తీసేస్తే 5-0. మైదానం మావైపు పల్లంగా ఉంది, దాని కింద ఇంకో రెండు తీసేయండి. రెండో సగంలో వైపులు మారాక కూడా పల్లం మావైపే రావడం ఇప్పటికీ అంతుబట్టని విషయం.

ఓడాక మనోధైర్యం కోసం ఏం చెప్పాలో కూడా నేర్చుకోండి. నేను ఇలా చెప్పాను: 'తమ్ముడూ, 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. అప్పుడూ కోచ్ రహీం సాబే. పదేళ్ళకు జకార్తాలో బంగారం తెచ్చారు. ఆ లెక్కన మనకింకా పదేళ్ళుంది.' అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఎడమకాలి కుర్రాడు మాత్రం, హెల్సింకిలో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారని, ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారని, ఆ పదేళ్ళూ ఊరికే గడవలేదని ఏదో మొదలుపెట్టాడు. బిర్యానీ వచ్చింది, వాడి మాట అక్కడికి ఆగింది. మరుసటి సీజనుకు వాడు ఆ పిల్లల జట్టుకు వెళ్ళిపోయాడు. విశ్వాసం లేని కాలం.

ఎంట్రీ ఫీజు వసూలు గురించి రాయమని కొందరడిగారు. దానికి చిట్కా లేదు. 'ఫోన్‌పే కొడతా అన్నా' అన్నవాడు ఎప్పుడు కొడతాడో దేవుడికే తెలియాలి. మీ జేబులోంచే కట్టండి, ఇంట్లో చెప్పకండి.

ఇక చివరిది, ఆదివారం పొద్దున. శనివారం రాత్రి గ్రూపులో 'రేపు 6:30కి షార్ప్' అని పెట్టండి. పదహారు బొటనవేళ్ళు లేస్తాయి. ఆ బొటనవేళ్ళే మనుషులని నమ్మండి, మళ్ళీ ఫోన్ చేసి కనుక్కోవడం అవమానం. 6:30కి మీరు, మీ బావమరిది, జెర్సీల సంచి ఉంటారు. ఏడింటికి నలుగురు. ఏడుంబావుకు ఆరుగురు. పోయిన వారమే మా పరిస్థితి ఇది. ఎదుటి జట్టు పచ్చ చొక్కాల్లో అప్పటికే చెమట పట్టించి నిలబడింది, అందులో మా పాత ఎడమకాలి కుర్రాడూ ఉన్నాడు. రిఫరీ గడియారం చూసుకుంటూ నా దగ్గరికొచ్చి ఐదు నిమిషాలే అన్నాడు. నేను మా సెంటర్ ఫార్వర్డ్‌కి ఫోన్ చేసి, రిఫరీకి కూడా వినపడాలని స్పీకర్లో పెట్టాను.

'ఎక్కడున్నావురా?'

'వచ్చేశా అన్నా, సంగీత్ చౌరస్తా దాటేశా. గ్రౌండ్ కనపడుతోంది.'

ఫోన్లో పొడుగ్గా ఒక విజిల్ వినిపించింది. చూశారా, గ్రౌండ్ పక్కనే ఉన్నాడన్నట్టు రిఫరీ వైపు తిరిగాను. ఆయన విజిల్ ఆయన మెడలోనే వేలాడుతోంది. ఇంతలో ఫోన్లో రెండో విజిల్, దాని వెంటే ఆడగొంతు: 'ఇంకొక్కటి రానిచ్చి స్టవ్ ఆపండి.'