ఒక వర్ణఫలకపు ఆత్మకథ

నేను అక్రోటుకొయ్యను పలుచగా కోసి, నునుపు దేర్చి, అవిసెనూనె త్రావించి, బొటనవ్రేలు దూరుటకొక రంధ్రము తొలిచి సిద్ధపరచిన వర్ణఫలకమను. పారిసు నగరమున తైలవర్ణచిత్రణమును అభ్యసించుచున్న యొక యువతి నన్ను కొని తెచ్చుకొనెను. మొదట ఆమె నాపై కలిపినవన్నియు ఫలములను, గాజుపాత్రలను చిత్రించుటకు వలసిన రంగులే. లూవ్రు ప్రదర్శనశాలలో జాక్ లూయీ దావీద్ వ్రాసిన నెపోలియను పట్టాభిషేక మహాచిత్రమునకు ఆమె ప్రతి వ్రాయబూనిన నాటినుండియే నా నిజమైన విద్యాభ్యాసము ప్రారంభమయ్యెను.

1804 డిసెంబరు 2న నోత్ర్‌దామ్ దేవాలయమున జరిగిన యుత్సవమును దావీద్ 1805 మొదలు 1807 వరకు శ్రమించి, 6 మీటర్లకు మించిన ఎత్తును, దాదాపు 10 మీటర్ల వెడల్పును గల పటముపై నిలిపెను. మోకరిల్లిన తన భార్య జోసెఫీను శిరస్సున నుంచుటకై చక్రవర్తి కిరీటమెత్తి నిలిచియుండగా, అతని వెనుక ఆసీనుడైన పోపు ఏడవ పయస్ చేయెత్తి ఆశీర్వదించుచుండును. చుట్టును నూరుమందికి మించిన జనసమూహము. ఆనాడచ్చటికి రానేరాని చక్రవర్తి తల్లిని సైతము చిత్రకారుడు నడిమి వేదికపై కూర్చుండబెట్టెను. చరిత్రకారులు దీనిని ఆక్షేపింపవచ్చును గాని, ఆ చోట నొక వెలుగు లేకున్నచో వెనుకభాగము బోసిపోవునని వర్ణములతో సహవాసము చేసిన నా యభిప్రాయము.

మూలచిత్రపు పరిమాణముననే ప్రతి వ్రాయుటకు ప్రదర్శనశాలవారు అంగీకరింపరు. మూలకర్త సంతకమును దింపుటయు నిషిద్ధమే. ఆమె పదవవంతు కొలతకు కాన్వాసు బిగించుకొని, గడులు గీసి, ముఖ్యరూపముల స్థానములను గుర్తించెను. ఇక ముఖములు వ్రాయునని నేనెదురుచూచుచుండగా, ఆమె నాపై అంబరు మట్టిరంగును టర్పెంటైనుతో మిక్కిలి పలుచన చేసి, ఆ జనసమూహమునంతటిని వెలుగు, నీడ యను రెండే రెండు రాశులుగా పరచివైచెను. అప్పుడు కాన్వాసుపై కన్నులు లేవు, కిరీటము లేదు, చక్రవర్తియు లేడు. అయినను దూరము నుండి చూచినచో పట్టాభిషేకమచ్చట జరుగుచునే యుండెను! గుంపును చిత్రించుటయనగా ముందుగా కాంతిని పాలించుటయని నేనానాడు గ్రహించితిని.

తైలవర్ణము నీటిరంగువలె తడి యావిరియై ఆరునది కాదు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. కావున క్రిందిపొరలలో నూనె తక్కువగాను, పైపొరలలో ఎక్కువగాను ఉండవలెను. ఈ క్రమము తారుమారైనచో పైపొర ముందుగా బిగిసికొని, క్రిందిది పిదప కదలుటచే చిత్రము పగుళ్లు వారును. ఈ నియమము వలన ఆమెకు ఓర్పలవడెను. ఒక పొర ఆరుదాక కుంచె దించి, ఎదుటి చిత్రమునే పరిశీలించుచు, దావీద్ ఏ ముఖమును స్పష్టపరచెనో, దేనిని నీడలో లీనము కానిచ్చెనో వెదకుచుండెడిది.

జోసెఫీను వెనుక పరచుకొన్న ముదురెరుపు మఖమలు ఉత్తరీయమునకు నాపై ఇంగిలీకము, అలిజరిన్, ఎముకనలుపు చేరెను. కాని నాకధికముగ నేర్పినది తెలుపు. చక్రవర్తి సోదరీమణుల ధవళవస్త్రములను తేరిపార చూచిన కొలది, వాటియందు పసుపు జేగురు, నీలము, బూడిదరంగు బయటపడెను. శుద్ధమైన తెలుపు మడత యంచున మెరయు చోటనే కనబడెను. వంటలో ఉప్పువలె అది కొలిచి వేయదగినది.

ప్రతి వ్రాయుటను హీనముగ చూచువారు కలరు. వారికి నేను దావీద్‌నే సాక్షిగా చూపుదును. ఆ మహాచిత్రకారుడే 1808లో ఈ చిత్రమునకు రెండవ ప్రతి యారంభించి, ప్రవాసియై బ్రస్సెల్సున వసించుచు, 1822లో దానిని ముగించెను. నేడది వెర్సాయి ప్రాసాదమున నున్నది. అందు చక్రవర్తి సోదరీమణులలో ఒకరి వస్త్రము తెలుపునకు మారుగా గులాబిరంగున నున్నది. తన చిత్రమును తానే తిరిగి వ్రాయుచు, అన్నియేండ్ల యనంతరమును ఆయన తెలుపుల నడుమ ఒక క్రొత్త వర్ణమును నిలిపి చూచెనన్నమాట. మా ప్రతిలో కడపటి పొర ఆరకమునుపే యజమానురాలు వెర్సాయికి పోవ నిశ్చయించుకొనెను. ఆ గులాబికి తెలుపులో ఇంగిలీకమెంత కలుపవలెనో ఆ చిత్రమును చూచివచ్చి నాపైననే తేల్చుకొనును.