స్ఫూర్తి ఉచితం, ఫీజు విడిగా

నీట్ రాసే పేదపిల్లల కన్నా వాళ్లకు దారి చూపే పెద్దమనుషులే ఎక్కువయ్యారిప్పుడు. వీళ్లను మెంటార్లంటారు. ఆదివారం పూట ఫంక్షన్ హాల్లో ఏసీ వేయించి, సర్కారీ జూనియర్ కాలేజీ పిల్లల్ని బస్సుల్లో తెప్పించి, కలాం గారి ఫొటోకి దండ వేసి మొదలుపెడతారు. "పేదరికం మీ మనసులోనే ఉంది" అంటాడు మొదటి వక్త. ముందు వరసలోని మేస్త్రీ కూతురు ఇన్నాళ్లూ అది తమ రేకుల ఇంట్లో ఉందనుకుంటోంది పాపం.

రెండో వక్త పెద్దాసుపత్రి డాక్టరు. వీధి దీపం కింద చదివానంటాడు. వాళ్ల నాన్న సబ్ రిజిస్ట్రారని ఊరందరికీ తెలుసు. ఆ రోజుల్లో సబ్ రిజిస్ట్రార్ల ఇళ్లకు కరెంటు ఇచ్చేవాళ్లు కాదేమో!

ఇక ప్రశ్నల ఘట్టం. ఒక పిల్ల లేచి "సార్, మాకు బోటనీ లెక్చరర్ లేరు" అంది. నీట్‌లో 180 ప్రశ్నలకు 90 బయాలజీవే. 720 మార్కుల్లో 360. అందులో బోటనీ వాటా ఎంతో వేరే చెప్పాలా? మెంటారు గారు ముసిముసిగా నవ్వి "యూట్యూబ్ ఉంది కదమ్మా, కావలసింది ప్యాషన్" అన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పనికి పోతుందనీ, రాత్రి తొమ్మిదైతే గానీ తిరిగి రాదనీ ఆ పిల్ల చెప్పబోయేసరికి మైకు వేరే చేతిలోకి వెళ్లిపోయింది.

మొదటిసారి సీటు రాకపోతే? "ఓటమి విజయానికి తొలిమెట్టు" అని స్లైడ్ వేశారు. ఉన్నవాళ్ల పిల్లలు ఆ మెట్టు మీద నిలబడి లాంగ్ టర్మ్‌లో చేరతారు. మేస్త్రీ కూతురికి రెండో మెట్టు హాస్టల్ ఫీజు ఎవరు కడతారో ఏ స్లైడ్‌లోనూ లేదు.

నిజంగా చెప్పాల్సిన కబుర్లు చప్పగా ఉంటాయి. మీసేవలో ఆదాయ పత్రం ఎప్పుడు తీసుకోవాలి, వెబ్ ఆప్షన్ల వరస ఎలా పెట్టాలి, యాజమాన్య కోటాలో ఏడాదికి పది లక్షలు దాటే కాలేజీని పొరపాటున ఎలా ఎంచుకోకూడదు. తెలంగాణలో స్థానికత కావాలంటే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. పాలమూరు నుంచి ముంబై వలసపోయిన ఇంటి పిల్లకు ఈ ముక్క ఎనిమిదో తరగతిలో చెప్పాలి. ఇంటరయ్యాక చెబితే సానుభూతి తప్ప చేసేదేం లేదు. కానీ మీసేవ క్యూలో నిలబడ్డ మెంటారు ఫొటోకి లైకులు రావు మరి.

ఎవరి సాయమూ లేకుండా ఏ బిడ్డకో సీటొస్తే మాత్రం తెల్లారేసరికి ఫ్లెక్సీ లేస్తుంది. ఆటో డ్రైవర్ కూతురు తపాలా బిళ్లంత, మెంటారు గారు నిలువెత్తు. శాలువా, స్టెతస్కోపు, అట్టముక్క మీద రాసిన పెద్ద చెక్కు. కాలేజీ క్యాషియర్ అట్టముక్కలు తీసుకోడు.

తమిళనాడు ఉపన్యాసాలతో ఆగలేదు. ప్రభుత్వ బడుల్లో చదివి నీట్ గట్టెక్కిన పిల్లలకు 2020లో మెడికల్ సీట్లలో 7.5 శాతం చట్టం చేసి కేటాయించింది. మనమూ అలాంటిదొకటి అడగకూడదా అని ఒక లెక్చరర్ నిర్వాహకుల్ని కదిపాడు. అది రాజకీయమట, తమ సంస్థ రాజకీయాల జోలికి పోదట. ఫంక్షన్ హాలు మాత్రం ఎమ్మెల్యే గారిది.