టంకారావుగారి ఛాయాచిత్రకళ

సరుకు చూపి వెల చెప్పు వర్తకులును, వెల చెప్పిన పిమ్మట సరుకు చూపు వర్తకులును మనకు పూర్వమునుండియు గలరు. సరుకును మూటలో దాచి, దాని బొమ్మను మాత్రము చూపి, వెల పుచ్చుకొని, బొమ్మకును సరుకునకును గల బంధుత్వమును కొనువాని ఊహకు విడిచిపెట్టు వర్తకుడు సెల్‌ఫోనుతోపాటు లోకమున నవతరించినాడు. పాతనాణెముల బేరమున ఇట్టివాడు ఊరికొక్కడు గలడు గనుక, ఏ ఒక్కనిని వ్రేలెత్తి చూపక, ఆ జాతికంతకును టంకారావని నామకరణము చేసికొందము.

టంకారావుగారికి దుకాణము లేదు, గల్లాపెట్టె లేదు, త్రాసు మొదలే లేదు. వెలుతురు విషయమున మాత్రము ఆయనకు గల పాండిత్యము పెండ్లిఫోటోలు తీయువారికైనను ఉండదు. ఏ కోణమున పట్టినచో గీత కనబడదో, ఏ వేళటి యెండలో తగరము వెండియై తళతళలాడునో, ఏ నీలివస్త్రముపై నుంచినచో అరిగిపోయిన రాజుగారి ముక్కు మరల మొలచునో ఆయనకు కరతలామలకము. అట్లని ఆయన అసత్యవాది యనుకొనరాదు. ఆయన తీసిన బొమ్మలో నున్నదంతయు యథార్థమే; కొనువాడు తెలిసికొనవలసినది మాత్రము ఎల్లప్పుడును ఆ బొమ్మ అంచునకు ఆవలనుండును.

విజయనగరపు బంగారు పణమును గైకొందము. నాటి వరహాయే సుమారు 3.4 గ్రాముల బరువు. పణము అందులో పదవవంతు. బొటనవ్రేలి గోరుమీద పెట్టినచో గోరింకను మిగులును. టంకారావుగారు దానిని ఫోనుతెర నిండునట్లు తీసి, ప్రక్కన స్కేలుగాని నేటి రూపాయిబిళ్లగాని పెట్టక, ‘రాయలవారి కాలపు స్వర్ణనాణెము’ అని శీర్షిక తగిలింతురు. కొన్నవాడు దానికై మఖ్మలు పెట్టె చేయించి, బంధువులను పిలిచి, పొట్లము విప్పి, దూదిపొరలను ఒక్కొక్కటిగా పాఱవేయుచు నాణెమును గూడ దూదితో పాఱవేయగా, ఇంటిల్లిపాదియు నేలపై మోకాళ్లూని వెదకుదురు. ఇందు మోసమేమున్నది? కొలత ఎవరడిగిరి, ఎవరు చెప్పిరి?

ఒకవైపు మాత్రమే చూపుట ఆయన విద్యలో రెండవ పాఠము. 1911 నాటి ఐదవ జార్జి రూపాయిపై రాజుగారి వస్త్రమున చెక్కిన ఏనుగు జనులకు పందిగా తోచి అలజడి పుట్టగా, ప్రభుత్వమువారు ఆ నాణెములను వెనుకకు తీసికొని, మఱుసటి యేట ఏనుగును సరిదిద్ది క్రొత్తవి ముద్రించిరి. నాటినుండి ‘పంది రూపాయి’కి సంగ్రాహకులలో గిరాకి. సంవత్సరము నాణెమునకు వెనుకవైపున నుండును గనుక, టంకారావుగారు 1912 నాటి రూపాయిని ముందువైపు మాత్రమే, చేయి రవంత వణకించి ఫోటో తీయుదురు. టంకసాలవారు శ్రమపడి దిద్దిన ఏనుగు ఆయన చేతివణకున మరల పందియగును.

వ్రేళ్లతో పట్టి తీయుట మూడవ పాఠము. పూర్వము వెండి రూపాయలకు కొక్కెములు అతికించి దండలుగా ధరించెడివారు. కొక్కెము ఊడదీసినను మచ్చ పోదు. మచ్చయున్న నాణెమునకు వెల రాదు. 1862 ముద్రగల విక్టోరియా రాణి రూపాయిని టంకారావుగారు చూపునప్పుడు, సరిగా ఆ మచ్చయుండు చోటనే ఆయన బొటనవ్రేలు రాణిగారికి ఛత్రసేవ చేయుచుండును.

అన్నిటికిని మించినది పరాయి బొమ్మను తనదిగా చూపు విద్య. ఏ వేలముపాటల పుస్తకమునుండియో నిగనిగలాడు చార్మినారు రూపాయి చిత్రమును తెచ్చి పెట్టి, కురుక్షేత్రమున ధర్మరాజు ఏనుగుమాటను మెల్లగా నన్నట్లు, ‘చిత్రము నమూనా మాత్రమే’ అని అట్టడుగున చీమలబారు అక్షరములలో వ్రాయుదురు. చార్మినారు ద్వారమున ‘మీమ్’ అక్షరముగల మహబూబ్ అలీఖాను రూపాయి బొమ్మను చూపి, ‘ఐన్’ అక్షరముగల ఉస్మాన్ అలీఖాను రూపాయిని పంపి, ప్రశ్నించినచో, "రెండిట్లోనూ చార్మినార్ ఉంది కదా సార్!" అని జాలిపడుదురు.

ఆయన సంభాషణయు కళయే.

"బరువెంతండీ?"

"హెవీ పీసు సార్."

"గ్రాముల్లో చెప్పండి."

"మా తాతగారు దాచింది సార్, తూకం వేసి అవమానిస్తామా?"

"పోనీ, అంచు ఫోటో ఒకటి పంపండి."

"అడ్వాన్సు వేయండి సార్, వీడియోనే పంపిస్తా. ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు."

ఆ ఇద్దఱు ఎల్లకాలమును లైనులోనే యుందురు; వారికి నాణెమును దొరకదు, ఓపికయు నశింపదు.

తాతగారి కథకు చెల్లుబాటు తగ్గిననాడు, పొలము దున్నుచుండగా దొరికినదను కథ వెలువడును. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరికినవాడు కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము శాసించుచున్నది. కథ నిజమైనచో నిక్షేపమును దాచిన నేరము; కల్లయైనచో కొనువానిని వంచించిన నేరము; ఏది నిలిచినను టంకారావుగారు ఉండవలసిన చోటు ఒక్కటే.

ఒక్క సరుకు విషయమున మాత్రము ఆయన బొమ్మలో లోపముండదు. ఒకవైపున ఈస్టిండియా కంపెనీ పేరును 1818 సంవత్సరమును, మఱియొకవైపున సీతారాములో హనుమంతుడో గల ‘అణా’ బిళ్లలు సంతలన్నిటను అమ్ముడగుచున్నవి. కంపెనీవారు అట్టి అణాను ఎన్నడును ముద్రింపలేదు. అవి ఇటీవల పోతపోసినవి. టంకారావుగారు వానిని రెండువైపులను నిండువెలుతురున చూపి, బియ్యపుగింజలను ఆకర్షించునని వీడియో గూడ తీసి పంపుదురు. ఇచ్చట బొమ్మ సత్యము, నాణెమే అసత్యము.

టంకారావుగారిని ఒక్కనినే నిందించుట న్యాయము కాదు. ఆయన చూపని సగమును పూరించుకొనువాడు కొనువాడే. లక్షల రూపాయల వస్తువు వేలకు వచ్చుచున్నదని లోలోపల పొంగిపోవువాడు అంచు ఫోటో గట్టిగా అడుగడు. అడిగినచో బేరము చెడునని వానికి భయము. పాతనాణెములు కొని లక్షలిప్పింతుమని తన పేరు వాడుకొని రుసుములు దండుకొనుచున్నారనియు, అట్టి లావాదేవీలతో తనకు సంబంధము లేదనియు రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటింపవలసి వచ్చిన దనగా, ఈ ఆశ ఎంతదూరము వ్యాపించినదో ఊహింపవచ్చును.

కావున చదువరులారా, పాతనాణెము కొనదలచినచో నాలుగు ఫోటోలు అడుగుడు: ముందువైపు, వెనుకవైపు, అంచు, గ్రాములు కనబడునట్లు త్రాసుపై నాణెము. ప్రక్కన నాటి తేదీ వ్రాసిన కాగితము నుంచి తీయుమనుడు. పరాయి బొమ్మపై ఆ తేదీ యుండదు. ఇవి పంపినవానితో బేరమాడుడు. పంపనివాడు ఎంత మర్యాదస్థుడైనను డబ్బు పంపకుడు. లైనులో నున్న ఆ ఇద్దఱికే విడిచిపెట్టుడు.