నల్లతెర బావగారు

మౌసు పట్టుకున్నవాణ్ణి మా బావగారు, పప్పన్నం చెంచాతో తినేవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఆయన ల్యాప్‌టాప్‌లో బొమ్మలుండవు. నల్లతెర, దానిమీద మినుకుమినుకుమనే ఓ గీత, అంతే. "ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది కదండీ" అన్నానోసారి. "తలుపు కొట్టి బతిమాలడమేంటోయ్, హుకుం జారీ చెయ్యి!" అంటూ ఎల్‌ఎస్ కొట్టారు. ఫైళ్ళన్నీ బిలబిలా వచ్చి నిలబడ్డాయి.

ఆపైన పురాణం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వినాలి. టెలిటైపు మీటలు నొక్కడం గగనమట, అందుకే పొట్టి పేర్లట: నకలుకి సీపీ, జరపడానికి ఎంవీ, చెరపడానికి ఆర్‌ఎం. పని సవ్యంగా అయితే యంత్రం కిక్కురుమనదు, తేడా వస్తేనే నోరు విప్పుతుంది. ఆ గుణం ఈయనకెందుకు అబ్బలేదా అని మా అక్క బాధ.

ఇక పైపు సంగతి ఎత్తితే ఆయనకి ఆకలి కూడా వెయ్యదు. అదే ల్యాబ్స్‌లోని డగ్ మెకిల్‌రాయ్ పోరగా పోరగా 1973లో థాంప్సన్ పెట్టాడట. బంతిలో సాంబారు బకెట్టు చేతులు మారినట్టు, ఒక కమాండు వండింది ఇంకో కమాండుకి అందుతుంది.

మేనకోడలి పెళ్ళికి శుభలేఖల జాబితా ఈ పైపులోంచే వచ్చింది. నాలుగు ఫైళ్ళలోని పేర్లు క్యాట్‌తో కలిపారు. జంటల్లో ఒకటి తీసేసే యూనిక్‌కి పక్కపక్కనున్న జంటలే కనిపిస్తాయి కనక ముందు సార్ట్‌తో వరస పెట్టారు. రెండోసారి వచ్చిన పేరల్లా ఎగిరిపోయింది. కాఫీ చల్లారేలోగా జాబితా సిద్ధం. కాకపోతే మా తాతగారి పేరు ముగ్గురు మనవలకి పెట్టారు, ఇంటిపేరూ ఒకటే. యూనిక్ ముగ్గుర్నీ ఒక్కణ్ణి చేసేసింది. పిలుపందని ఇద్దరూ పెళ్ళికి రాలేదు. ఇప్పటికీ మాటల్లేవు. "కమాండు తప్పు కాదోయ్, మీ వంశంలో పేర్ల కరువు" అన్నారు బావగారు.

ఇంత ఆడిపోసుకుంటున్న నేనూ శుద్ధుణ్ణి కాదు. పొద్దుటినుంచీ వెతికినా కనబడని ఓ రశీదుని గ్రెప్ అనే కమాండు క్షణంలో పట్టిచ్చిన రోజునుంచీ చాటుగా నల్లతెర తెరుస్తున్నాను. మొన్న చెత్త ఫైళ్ళు తీసేద్దామని ఆర్‌ఎం కొట్టాను. "అన్నీ" అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పక్కన పొరపాటున ఒక ఖాళీ పడింది. ఫోల్డరంతా తుడిచిపెట్టుకుపోయింది. ఇక్కడ చెత్తబుట్టలోంచి ఏరుకునే సదుపాయం లేదు. చెరిపినవాటి గురించి యంత్రం కిక్కురుమనలేదు, అంటే పని సవ్యంగానే జరిగింది.

అందులో ఉన్నవి మేనకోడలి పెళ్ళి ఫోటోలు. పిలుపందని ఆ ఇద్దర్నీ అడుగుదామంటే వాళ్ళు రానే లేదు. వచ్చినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, మీ ఫోన్లలో ఉన్నవి కాస్త పంపండి. బావగారికి మాత్రం చెప్పకండి.