ప్రెజర్ మావయ్య

మా మావయ్య ఎవరింటికెళ్ళినా ముందు కాళ్ళు కడుక్కుంటానంటాడు. ఆచారం అనుకుంటారు పాపం. అది కుళాయి పరీక్ష. పెరట్లోంచి "ఒరేయ్, మీ ట్యాంకు ఎంత ఎత్తులో ఉందిరా?" అని కేక వినబడిందా, ఇక ఆ పూట కాఫీ చల్లారినట్టే.

మా గృహప్రవేశంనాడు పాలు పొంగాయి. పెద్దవాళ్ళని అక్షింతలు వేయమన్నారు పంతులుగారు. మా మావయ్యేమో పంచె ఎగ్గట్టి డాబా మీదున్నాడు. "500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా ఒకటేరా! ఎన్ని నీళ్ళున్నాయని కాదు, ఎంత ఎత్తునున్నాయని చూడు. 10 మీటర్లకి ఒక బార్. నీ షవర్‌కీ ట్యాంకుకీ మధ్య 2 మీటర్లు. అంటే ఐదో వంతు. దీనికి షవరెందుకు, చెంబు చాలు." కొత్తింట్లో నాకందిన మొదటి ఆశీర్వాదం అదే.

మా అత్తయ్య మొక్కలకి నీళ్ళు పెడుతూ గొట్టం మూతికి బొటనవేలు అడ్డం పెడితే ఊరుకోడు. "జోరు పెరిగిందని మురవకు, బిందె నిండేది ఆలస్యంగానే" అంటాడు. ఆవిడ ఆ ధార ఆయన వైపు తిప్పడం నేను రెండుసార్లు కళ్ళారా చూశాను.

వంటింటి కుళాయి సన్నగా వస్తోందని నోరుజారడం నా ఖర్మ. అరంగుళం పైపు, దారిలో ఏడు ఎల్బోలు, అదంతా రాపిడే అన్నాడు. గోడ పగలగొట్టించి అంగుళం పైపు వేయించాడు. ధార మాత్రం అలాగే ఉంది. చివరికి ప్లంబర్ కుర్రాడు కుళాయి మూతి విప్పి, జాలీని అరచేతిలో తట్టాడు. ఆవగింజలంత ఇసుక, బోరునీళ్ళ సున్నప్పెచ్చులు. "అడ్డమున్నా కుళాయి కట్టేసినప్పుడు ప్రెజర్ తగ్గదు, నీళ్ళు కదిలితేనే బయటపడుతుంది. నేను చెప్పలా?" అన్నాడు మావయ్య. చెప్పలేదు. పాత రంగు టైల్స్ దొరక్క, తెల్లగోడలో నాలుగు పచ్చవి ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతాయి.

అన్నట్టు ఆయనకి బీపీ ఉంది. అది కొలిపించుకోమంటే మాత్రం "నాకేంరా, రాయిలా ఉన్నా" అంటాడు.

మొన్న యాత్రకెళ్ళి సత్రంలో దిగాం. నా స్నానం ఎంతకీ అవలేదని మా ఆవిడ తలుపు బాదింది. లోపల నేను ఫోనులో టైము పెట్టి బకెట్ నింపుతున్నాను. 15 లీటర్లు, రెండున్నర నిమిషాలు. నిమిషానికి 6.

"దర్శనానికి వేళవుతోంది, ఏం చేస్తున్నారండీ?"

"ఒక్క నిమిషం. ఈ సత్రం ట్యాంకు ఎన్నో అంతస్తు మీదుందో కాస్త కనుక్కో!"