అమృతపాణికి అన్నభేది

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు. దీనికి మాత్రం మా వీధంతా సాక్ష్యమే.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో వెలిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకే లేబొరేటరీలో చేరాను. ఉక్కు ముక్క కొయ్యడం, అద్దంలా మెరిసేదాకా రుద్దడం, యాసిడ్ చుక్క తగిలించి మైక్రోస్కోపు కింద దాని గుట్టు లాగడం. 29 ఏళ్లు ఇదే నాకు కూడు పెట్టింది. రిటైరై అగనంపూడిలో ఇల్లు కట్టుకున్నాక మా బావమరిది రావులపాలెం నుంచి అమృతపాణి పిలక తెచ్చి పెరట్లో పాతాడు. తొలి గెల పండు తిన్నాక బజారు పండు నోట పెట్టబుద్ధి కాలేదు. ఆ పొంగులో పక్కింటి మాస్టారికీ, ఎదురింటి వదినగారికీ, ఇంకో ఇద్దరికీ పిలకలు తవ్వి పంచాను. అన్నీ ఒకే గునపంతో.

మరుసటేడు చెట్టు కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కడం మొదలైంది. ఒక్క చూపులో తేల్చేశాను, ఇనుము లోపమని. పచ్చకామెర్ల వాడి సామెత ఉంది కదా, నా కామెర్లు ఇనుపవి.

"ముదురాకులే కదండీ పాడైంది, మొవ్వ నిగనిగలాడుతోంది" అంది మా ఆవిడ. అసలు పరీక్ష అక్కడే ఉంది. ఇనుము తగ్గితే ముందు లేతాకు పాలిపోతుంది, ముదురాకు కాదు. ఆ మాట నేను వింటేనా! గాజువాక వెళ్లి అన్నభేది, అదే ఇనుప లవణం, తెచ్చి, నీళ్లలో కలిపి మొదట్లో పోశాను. చాలదనిపించి పాత డబ్బాలోని తుప్పు మేకులు కూడా గుచ్చాను.

"ఏటి బాబూ, సెట్టు ఇనుము తింటాదేటి?" అంది పనికొచ్చే ముసలమ్మ. ఆమెకు రసాయన శాస్త్రం తెలీదని జాలిపడ్డాను.

నెల తిరిగేసరికి మట్టలు మొదట్లో విరిగి, చెట్టు మాసిన చీర చుట్టుకున్నట్టు బోదె చుట్టూ వేలాడాయి. బోదె అడుగున నిలువునా చీలింది. నేను ఇంకో మోతాదు అన్నభేది పోశాను.

సంక్రాంతికి హార్టికల్చర్ చదువుతున్న మా మేనల్లుడు వచ్చాడు. చెట్టుకేసి చూసి, "మావయ్యా, కోసి చూశావా?" అన్నాడు. 29 ఏళ్లు కోసి చూడడమే ఉద్యోగంగా బతికినవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

దుంపను అడ్డంగా కోశాడు. తెల్లగా ఉండాల్సిన చోట ఎర్రమట్టి రంగు చుక్కలు, వలయాలు వలయాలుగా. తుప్పు రంగే. బోదె ముక్కను గ్లాసుడు నీళ్లలో వేలాడదీశాడు. పాలలాంటి పోగులు దిగితే బ్యాక్టీరియా తెగులట. నీళ్లు తేటగానే ఉన్నాయి. ముక్క కాలేజీకి పట్టుకెళ్లి, బంగాళదుంప రసంతో చేసిన అగర్ మీద పెంచి, పది రోజులకు ఫోటో పంపాడు. మైక్రోస్కోపు కింద ఫ్యుజేరియం అనే బూజు బీజాలు, కొడవలి వంపుతో అచ్చం బుల్లి అరటిపండ్లలా ఉన్నాయి. అరటిని చంపేదానికి అరటి రూపమే దొరికింది!

ఇది పనామా తెగులు. ప్రపంచమంతా ఎగుమతైన గ్రో మిషెల్ అనే రకాన్ని 1960ల నాటికి వ్యాపారం నుంచి తుడిచిపెట్టింది ఇదే. అమృతపాణి దీనికి సులువుగా లొంగే రకం. ఈ బూజు వేరులోంచి దూరి నీటి గొట్టాలను మూసేస్తుంది, అందుకే నీళ్లున్నా చెట్టు దాహంతో చస్తుంది. పైకి బాగున్న పిలకలోనూ దాక్కుంటుంది, గునపానికంటిన మట్టిలోనూ ప్రయాణిస్తుంది, నేలలో దశాబ్దాలు పడుంటుంది. పట్టిన చెట్టును బతికించే మందు లేదు. దుంపతో సహా పెకిలించి కాల్చాలి, గుంటలో సున్నం చల్లాలి, ఆ చోట మళ్లీ అమృతపాణి పెట్టకూడదు. కొత్తగా వేసేటప్పుడు టిష్యూకల్చర్ మొక్క తెచ్చుకుని, పశువుల ఎరువులో ట్రైకోడెర్మా, సూడోమోనాస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు కలిపి వేసుకోవాలి.

ఆ సూడోమోనాస్ ఎలా పనిచేస్తుందని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"చాలా దారులున్నాయి మావయ్యా. ఒకటేంటంటే, మట్టిలోని ఇనుమంతా అది ముందే లాక్కుంటుంది. ఇనుము దొరక్క ఫ్యుజేరియం మాడుతుంది."

అంటే ఆ బూజును పస్తులు పెట్టాల్సిన చోట నేను రెండు మోతాదుల విందు వడ్డించానన్నమాట. తెగులు నా అన్నభేది వల్ల రాలేదు, పిలకతోనే వచ్చింది. ఆ మాట మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఏమీ అనలేదు.

చెట్టు తగలబెట్టాక, మిగతా నలుగురికీ చెప్పాలి కదా అని సున్నం సంచీ పట్టుకుని మాస్టారింటికి బయల్దేరాను. ఆయన గేటు దగ్గరే ఎదురొచ్చారు.

"మీ ఇంటికే వస్తున్నానండీ. మీరిచ్చిన అరటికి కింది ఆకులు పసుపెక్కాయి. మీరు చేసినట్టే చేశాను. మేకులైపోయాయి, ఇంకేమైనా ఉన్నాయా?"