డ్రిల్లు మాస్టారి లెక్క

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏ పని ఎవరిదో తేలకపోతే అది డ్రిల్లు మాస్టారిది. ఏ జీవోలోనూ ఈ మాట ఉండదు గానీ, శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అమల్లో ఉంది. కాగితాల మీద ఆయన పీఈటీ. ప్రమోషనొస్తే స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ ఎడ్యుకేషన్. ఊళ్లో పెద్దవాళ్లకు మాత్రం ఎప్పటికీ డ్రిల్లు మాస్టారే.

మనిషిని గుర్తుపట్టడం తేలిక. స్టాఫ్ రూములో అందరికంటే ఎండకు కమిలినవారు, బూట్లేసుకున్నవారు, గొంతు బొంగురు పోయినవారు. కూర్చుని కనబడటం అరుదు. పిల్లల పేర్లు ఆయనకు గుర్తుండవు, ఈవెంట్లు గుర్తుంటాయి. "ఒరేయ్ ట్రిపుల్ జంపూ, ఇలా రా" అంటే ఎనిమిదో తరగతి బి సెక్షన్లోంచి ఓ పొడుగాటి కుర్రాడు లేచొస్తాడు. కొత్త పిల్లాడు తండ్రితో అడ్మిషనుకొస్తే హెచ్చెమ్ గారు టీసీ చూస్తుంటారు, ఈయన పిల్లాడు వరండా మెట్లెక్కిన తీరు చూస్తుంటారు. రెండేసి మెట్లు ఎక్కాడా, వాడి భవిష్యత్తు ఆ క్షణానే ఖాయం.

మైకు కట్టేది ఆయనే. ఉదయం అసెంబ్లీ నడిపేదీ ఆయనే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో రాసిన ప్రతిజ్ఞను రోజూ దేశమంతా చెప్పిస్తోంది డ్రిల్లు మాస్టర్ల గొంతులే. తర్వాత మధ్యాహ్న భోజనం వరస, గుడ్ల లెక్క, ఆమధ్య కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం, పరీక్షలప్పుడు గేటు దగ్గర కాపలా. ఇవన్నీ అయ్యాక, పొద్దుంటే, ఆటలు.

అన్నిటిలోకీ గడ్డు పని ఆగస్టు 15 జెండా ముడి. జెండా మడతపెట్టి, లోపల బంతిపూల రేకులు పోసి, తాడుతో జారుముడి వేయాలి. బిగిస్తే ముఖ్య అతిథి గారు ఎంత లాగినా ఊడదు. ఆయన పళ్లు బిగబట్టి నవ్వుతూ లాగుతుంటారు, కింద హెచ్చెమ్ గారికి చెమటలు. వదులు చేస్తేనేమో అతిథి కారు దిగకముందే గాలికి విచ్చుకుని పూలన్నీ అటెండరు నెత్తిన పడతాయి. హెచ్చెమ్ గారికి ఎమ్మెస్సీ ఉంది, ఎంఈడీ ఉంది, జారుముడి రాదు. అందుకే ఆ ఒక్క ఉదయం మాత్రం ఆయన డ్రిల్లు మాస్టారిని "అండీ" అని పిలిచి, స్వయంగా టీ అందిస్తారు.

టైంటేబుల్లో ఆటల పీరియడ్ ఉంటుంది. ఉండటం వరకూ నిజమే. వాన పడినా, ఇన్‌స్పెక్షన్ వచ్చినా, సిలబస్ మిగిలినా ముందు ఎగిరేది అదే. గుమ్మం దగ్గర లెక్కల మాస్టారు తల గోక్కుంటూ నిలబడతారు. "మాస్టారూ, టెన్తు వాళ్ల పీరియడ్ ఒక్కటి ఇస్తారా, మళ్లీ ఇచ్చేస్తాను." అలా వెళ్లిన పీరియడ్ తిరిగొచ్చిన దాఖలా ఏ బడిలోనూ లేదు.

పైగా స్టాఫ్ రూములో ఎత్తిపొడుపు: "మీకేంటండీ, దిద్దే పేపర్లు లేవు, హాయి." దీనికి ఉత్తరాంధ్ర డ్రిల్లు మాస్టారి దగ్గర ఓ బ్రహ్మాస్త్రం ఉంది. "గుండెల మీద ఏనుగునెక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కస్ పెట్టకముందు ఏం చేసేవారో తెలుసా? విజయనగరంలో డ్రిల్లు మాస్టారు!" దానికీ లొంగకపోతే 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిని దించుతారు. "మా ఉత్తరాంధ్ర పిల్ల" అన్నప్పుడు ఆయన ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. బరువు తానే ఎత్తినట్టు కాస్త ఊపిరి కూడా వదులుతారు.

ఆయన రాజ్యం వచ్చేది స్కూల్ గేమ్స్ సీజన్లో. మండలం, డివిజన్, జిల్లా. అండర్ 14, అండర్ 17. స్టోర్ రూము తాళం తీస్తే మూడు వాలీబాళ్లుంటాయి, ఒకదాంట్లోనే గాలి. షాట్‌పుట్ గుండు కనబడదు. నాలుగు కిలోల ఆ గుండు ఏడాదంతా వంటగది తలుపుకు ఆనించి ఉంటుంది. వంటావిడను బతిమాలి తెచ్చుకోవాలి. మీట్‌లో అసలు పోటీ ట్రాక్ మీద కాదు, టేబుల్ దగ్గర, పుట్టినతేదీ కాగితాల మీద. అవతలి స్కూలు అండర్ 14 కబడ్డీ కెప్టెన్ మీసం దువ్వుకుంటూ కోర్టులోకి దిగితే మన మాస్టారు వాళ్ల మాస్టారిని చాలా మర్యాదగా అడుగుతారు: "మీవాడికి సంబంధాలు చూస్తున్నారా మాస్టారూ?"

ఓసారి మండల పోటీలు మా ఊరి గ్రౌండులోనే పెట్టారు. ముందురోజు చీకటి పడేదాకా మాస్టారు గ్రౌండు మధ్యన మేకు కొట్టి, తాడు కట్టి, సున్నంతో గీతలు గీశారు. స్థలం చాలక 200 మీటర్ల ట్రాక్ అయింది. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. తెల్లారి ఒక రౌండు పరుగుకి కుర్రాళ్లను నిలబెట్టారు. సర్పంచి గారి మనవడు లోపలి లేనులో, వాడికంటే ముందు రెండోవాడు, ఇంకా ముందు మూడోవాడు, అలా వరసగా.

సర్పంచి గారు కుర్చీలోంచి లేచారు. "ఏం మాస్టారూ, మా బుడ్డోడేం పాపం చేశాడు, అందరికంటే వెనక నిలబెట్టారు?"

"వంపులో బయటి గీత పొడుగండి. వాళ్లు ఎక్కువ దూరం పరిగెత్తాలి. అందుకే ముందు నిలబెట్టాం. దీన్ని స్టాగర్ అంటారు."

"కళ్ల ముందు వాడు ముందుంటే ఎక్కువ పరిగెడతాడంటారేంటి?"

జనం సర్పంచి పక్షమే. చివరికి లెక్కల మాస్టారిని పిలిపించారు. ఆయన టెంటు కింద కాగితం మీద రెండు వృత్తాలు గీసి, చుట్టుకొలతలు కట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశారు. వ్యాసార్థం కొట్టుకుపోయింది. రెండు పైలు ఇంటూ 1.22 మిగిలింది. అంటే ట్రాక్ చిన్నదైనా పెద్దదైనా, పూర్తి రౌండుకు లేనుకీ లేనుకీ తేడా అంతే: 7 మీటర్ల 67 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలిచారు. సున్నం గీత సరిగ్గా అక్కడే ఉంది. లెక్కల మాస్టారు కాగితం కేసి, గీత కేసి మార్చి మార్చి చూశారు. డ్రిల్లు మాస్టారు అప్పటికే విజిల్ ఊదేశారు. బుడ్డోడు నాలుగో స్థానంలో వచ్చాడు, సర్పంచి గారు పై మీద నమ్మకం పోగొట్టుకున్నారు.

సోమవారం మూడో పీరియడ్‌కి లెక్కల మాస్టారు మళ్లీ గుమ్మంలో నిలబడ్డారు. ఈసారి ముఖంలో భక్తి ఉంది. "మాస్టారూ, మీరు తాడుతో చేసింది అద్భుతం. అది పిల్లలకు బోర్డు మీద చెబుదామనుకుంటున్నా. మీ పీరియడ్ ఒక్కటి ఇస్తే..."

గ్రౌండులోకి పరిగెత్తబోయిన టెన్తు పిల్లలు వరండాలోనే ఆగిపోయారు. డ్రిల్లు మాస్టారు వాళ్లను లైనుగా క్లాసులోకి పంపి, జేబులో ఉన్న సుద్దముక్క లెక్కల మాస్టారి చేతిలో పెట్టి, ఫోను తీసుకుని మరుగుదొడ్ల వైపు నడిచారు.